టెస్ట్ చేసినవారు: మా వీధి యావన్మందీ

"మీ మేనకోడలు మిలిటరీలో కర్నలయ్యిందటగా మూర్తిగారూ? ఆడపిల్లకి ఆ తుపాకులూ అవీ ఎందుకండీ?" అని పక్కింటి బుల్లెమ్మగారు ప్రహరీగోడ మీంచి తల పెట్టి అడిగినప్పుడు, నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు.

నేను ఆవిడతో అన్నది కర్నల్ కాదు, కెర్నల్. కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటిది. మా హరిచందన ఆ కెర్నల్లో వైర్‌లెస్ డ్రైవర్ల సంగతి చూస్తుందని చెప్పాను. బుల్లెమ్మగారు ఆ మూడు మాటల్నీ చేటలో పోసి చెరిగి, మిలిటరీలో కర్నలూ, చేతిలో వైర్‌లెస్సూ, జీపుకో డ్రైవరూ అని ఏరుకున్నారు. దిద్దుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆవిడ మొహంలో మా ఇంటి మీద గౌరవం తొంగిచూసింది. ఆ గోడ మీంచి ఇన్నాళ్ళూ మా కరివేపాకు కోసం చేతులు రావడమే గానీ గౌరవం రావడం నేనెరగను. వచ్చినదాన్ని కాలదన్నుకోవడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా?

సరే, ఆ ముచ్చట అలా ఉంచండి. ఇవాళ ఈ ఆదివారం కాలమ్‌లో మీకు చెప్పదలచిన మహాసత్యం వేరే ఉంది.

ఈ కలియుగంలో మనిషికి దొరికే వరాలన్నిట్లోకీ గొప్ప వరం ఏంటో తెలుసా? ధనమా? కాదు. ఆరోగ్యమా? కాదు. పండగ ముందు హైదరాబాదు రైల్లో కిటికీ పక్క బెర్తా? దగ్గరికొచ్చారు గానీ అదీ కాదు. మనం చేసిన పనికి వంక పెట్టేవాడు! అవునండీ, అడిగినా పెట్టేవాడు, అడక్కపోయినా పెట్టేవాడు, అన్నం తింటూ పెట్టేవాడు, చెయ్యి కడుక్కుంటూ కూడా పెట్టేవాడు. అలాంటివాడు మీ ఇంట్లో ఉంటే కళ్ళకద్దుకోండి. లేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి. వంకాయంతటి మహారాజు పేరులోనే 'వంక' పెట్టారంటే, మన పెద్దలకి ఎంత ముందుచూపో ఆలోచించారా?

నా వరం మా మేడమీదే కూర్చుని ఉంది. హరిచందన మా అక్కయ్య కూతురు. భర్త శరత్‌చంద్ర కాకినాడ నుంచి సముద్రం మీదికి వెళ్ళే గ్యాస్ ఇంజనీరు, నెలలో సగం రోజులు నీళ్ళ మీదే కాపురం. పిల్ల ఉద్యోగమేమో బెంగళూరు కంపెనీలో. పనంతా ఈమెయిల్లోనే గనక ఎక్కణ్ణించి చేసినా ఒకటే. మన రాజమండ్రికి ఈమధ్యనే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది కదా, మా మేడగదిలో అది పెట్టించుకుని బైఠాయించింది. పొద్దస్తమానం కోడ్ చూడ్డమే పని. నన్నడిగితే ఆ పిల్ల నాకు మేనకోడలు కాదండి, మెయిన్‌కోడ్‌లు! (ఈ పన్‌కి పన్ను లేదు. నిర్భయంగా వాడుకోండి.)

ఇంతకీ ఆ పని ఏంటంటారా? నేను అర్థం చేసుకున్నంత మేరకి చెబుతాను. తప్పులుంటే, అదే మన విషయం గనక, వంక పెట్టండి.

ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక కంపెనీ సొత్తు కాదట. మన డెల్టా కాలవలాగా అందరిదీనట. దేశదేశాలవాళ్ళు తలో చెయ్యీ వేసి రాసుకుంటారు. లాప్‌టాప్‌లో తీగ లేకుండా ఇంటర్నెట్ అందుకునే చిన్న కార్డొకటి ఉంటుంది. ఆ కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. అందులో ఎవరైనా మార్పు చేస్తే, ఆ మార్పుని ప్యాచ్ అంటారు. దాన్ని లోకమంతా చూసేలా ఈమెయిల్లో పంపాలి. హరిచందనా, అలాంటివాళ్ళు మరికొందరూ దాన్ని అక్షరం వదలకుండా చదివి, ఇక్కడ తప్పుంది, అక్కడ వంకరుందని మళ్ళీ లోకమంతా చూసేలా జవాబు రాయాలి. రాసినవాడు దిద్దుకుని పంపితే మళ్ళీ తప్పు. మళ్ళీ దిద్దు. ప్యాచ్ ఉన్నచోట పేచీ ఉంటుందని పెద్దలు ఊరికే అనలేదు. నిజం చెప్పాలంటే అసలే అనలేదు, నేనే అంటున్నాను.

దీన్ని రివ్యూ అంటారు. దీనికి జీతం ఇస్తారు! వంకలు పెట్టినందుకు జీతం! ఈ ముక్క విన్ననాడు మా ఆవిడ అన్నపూర్ణ గరిటె పక్కన పెట్టి, "అయితే ఇన్నేళ్ళూ నేను మీ దగ్గర ఆ ఉద్యోగం ఊరికే చేశానన్నమాట" అని నిట్టూర్చింది.

ఈ రివ్యూకి కొన్ని నియమాలున్నాయి. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. ఎందుకు చేశావో రాయాలి. ఎవరు టెస్ట్ చేశారో వాళ్ళ పేరు కింద పెట్టాలి. ఎంత సుఖమైన నియమాలో చూడండి! ఇవి మా ఇంట్లో అమల్లోకి వచ్చాక వంటింటికి మహర్దశ పట్టింది. మొన్న పులుసు చెడిపోతే హరిచందన ఒక గరిటెడు నోట్లో వేసుకుని, "అత్తయ్యా, బెల్లమూ చింతపండూ ఒకేసారి మార్చావు. ఇప్పుడు ఏది చెడగొట్టిందో ఎలా తెలుస్తుంది?" అంది. అన్నపూర్ణ పులుసు గిన్నె ఎత్తుకుపోయింది. ఆ పూట నాకు పులుసూ లేదు, మజ్జిగా లేదు. రివ్యూ అన్నాక మధ్యలో వాడు మాడడం మామూలే.

ఇదే పద్ధతి ఊరంతటికీ పెడితే? మంచినీళ్ళ గొట్టం బాగుచెయ్యడానికి మా వీధి తవ్వారు. తవ్వినప్పుడు టెలిఫోను తీగ తెగింది. తీగ అతకడానికి మళ్ళీ తవ్వితే గొట్టం పగిలింది. అంతా అయ్యాక రోడ్డు వేశారు, గొయ్యిని మాత్రం పొందిగ్గా లోపలే దాచి. ఎందుకు చేశావు, ఎవరు టెస్ట్ చేశారు అని ఒక్కడంటే ఒక్కడు అడిగి ఉంటే, పోయిన వానాకాలం నేను స్కూటరుతో సహా ఆ గోతిలో దిగి టెస్ట్ చెయ్యాల్సిన అవసరం ఉండేదా?

రామచంద్రపురంలో మావాళ్ళ పెళ్ళి శుభలేఖలో వరుడి పేరుండాల్సిన చోట వాళ్ళ తాతగారి పేరు అచ్చయింది. అందుకున్నవాళ్ళందరూ ఫోన్లు చేసి, "శుభలేఖ ఎంత ముచ్చటగా ఉందండీ!" అన్నారు. ఒక్కరూ చదవలేదు. చదివినవాడు ఆ తాతగారొక్కడే. ఆయన కొత్త పంచె మడత విప్పి కట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

అయ్యా, అసలు జబ్బు ఇక్కడే ఉంది. మనకి లోకంలో లేని దినుసు ఒకటుంది, మొహమాటం. అంటే ఏంటి? మొహం మీద మాట అనలేకపోవడం. మా గోదావరి జిల్లాల్లో ఇది తల్లి పాలతో వచ్చి, అత్తారింటి కాఫీతో ముదురుతుంది. పనసపొట్టు కూరలో ఆవ ఘాటెక్కి కళ్ళమ్మట నీళ్ళు ధారకడుతుంటే, "ఏంటండీ ఏడుస్తున్నారు?" అని అడిగిన ఇల్లాలికి, "మా అమ్మ గుర్తొచ్చిందండి, అచ్చం ఇలాగే చేసేది" అని చెప్పే జాతి మనది. అసలు రివ్యూ వీధి మలుపు దాటాక మొదలవుతుంది. మన దగ్గర అది వైర్‌లెస్సు గానీ వైరం లెస్సు కాదు!

ఇలాంటి ఊళ్ళోకి కుక్కుటేశ్వరరావు మాస్టారి ప్యాచ్ వచ్చి పడింది.

మాస్టారిది పిఠాపురం. కాకినాడలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరై, ఇప్పుడు మా ఊళ్ళో కంబాలచెరువు పక్క ఉంటున్నారు. హరిచందన చేతికి మొట్టమొదట సోల్డరింగ్ ఐరన్ అందించింది ఆయనే. ఆయన ఒక లాప్‌టాప్ కొనుక్కున్నారు. అందులో వైర్‌లెస్ కాసేపు పనిచేస్తుంది, కాసేపటికి చెప్పాపెట్టకుండా పోతుంది. ఇంకొకరైతే షాపువాణ్ణి తిట్టుకుని ఊరుకుందురు. ఈయన నెలల తరబడి దాని వెంట పడి, కారణం తానే కనిపెట్టి, డ్రైవర్లో ఒక మార్పు రాసి, లోకానికి పంపించారు. రివ్యూ చెయ్యాల్సింది ఎవరు? ఆయన శిష్యురాలే.

ఒకనాటి సాయంత్రం మాస్టారు కాజాల పొట్లంతో మా వీధరుగు ఎక్కారు. ఆయన చెప్పదలచుకున్నది నీళ్ళు నమిలి నమిలి, మంచినీళ్ళు కూడా తాగి, చివరికి బయటపెట్టారు. ప్యాచ్ ఒప్పుకుంటే రాసినవాడి పేరు దాని పక్కన ఎప్పటికీ ఉంటుందట.

"ఎంతోమందికి పాఠం చెప్పానండి మూర్తిగారూ. నా చేత్తో చేసి ఇదుగో అని చూపించడానికి ఒక్క వస్తువు లేదు. ఇదొక్కటి అందులో ఉండిపోతే చాలనిపిస్తోంది. మన అమ్మాయేమో కాదంటోంది."

ఆయన గొంతు విన్నాక నా గుండె కరిగింది. కాజా అంతకుముందే కరిగింది. సిఫార్సు అనే విద్యలో నాకున్న పేరు మీకు తెలియనిది కాదు. వెంటనే మేడెక్కాను.

"మాస్టారికి ఏం ఇచ్చావే?" అనడిగాను.

"నాక్" అంది కంప్యూటర్‌లోంచి తలెత్తకుండా.

"నీకు కాదమ్మా, ఆయనకి ఏం ఇచ్చావని."

"నాకే మావయ్యా, ఆయనకిచ్చింది."

ఇలా నాకూ నీకూ అని కాసేపు కొట్టుకున్నాక తెలిసిందేంటంటే, 'ఈ ప్యాచ్ ఒప్పుకోను' అనడానికి వాళ్ళ పరిభాషలో 'నాక్' అంటారట. కారణం కూడా చెప్పింది. బ్యాటరీ ఆదా కోసం ఆ కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. లేచేటప్పుడు ఒక్కోసారి దానికి పిలుపు వినబడట్లేదు. మాస్టారేం చేశారూ, అసలు దాన్ని నిద్రే పోనివ్వకుండా చేశారు. ఆయన లాప్‌టాప్ ఎప్పుడూ గోడ ప్లగ్గుకే ఉంటుంది గనక బాగానే ఉంది. మిగతా లోకం బ్యాటరీ గతేంటి? కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తీ దించే లస్కరు కునికిపాట్లు పడుతున్నాడని తలుపులు ఏడాది పొడుగునా ఎత్తేసి వదిలేస్తే, శివారు చేలకి నీళ్ళెక్కడ మిగుల్తాయి?

"తల్లీ, ఆయన నీ గురువు. కాస్త చూసీ చూడనట్టు పోనీరాదూ?"

"ఆ మెయిల్ రాయడానికి నాకు రెండ్రోజులు పట్టింది మావయ్యా" అంది. అప్పుడు తలెత్తింది. "ఎవరో ముక్కూమొహం తెలియనివాడైతే చిటికెలో రాసేదాన్ని. ఆయనకని ఇంకోసారి చదివాను, ఇంకోసారి టెస్ట్ చేశాను. పోనీ వేరే మెషీన్ మీద పెట్టి చూశామని ఇంకెవరైనా అన్నారా అంటే, ఒక్కళ్ళూ లేరు."

పాఠకులారా, ఆ చివరి మాట నా చెవిన పడగానే మెదడులో లైటు వెలిగింది. వోల్టేజీ కాస్త ఎక్కువైందని తరవాత తెలిసింది.

టెస్ట్ చేసినవాళ్ళు లేరు! ఓస్, ఇంతేనా! మనుషులు కావాలి, అంతేగా! మన ప్రాంతంలో ఒక పని కావాలంటే ఎవరైనా రుజువులు వెతుక్కుంటారా? సంతకాలు పోగేస్తారు. బోరింగు కావాలంటే మహజరు, బస్సు ఆగాలంటే మహజరు, ఆగిన బస్సు మా ఇంటి ముందు ఆగకూడదంటే ఇంకో మహజరు. వీధిలో తిరిగి పేర్లు రాయించడంలో నన్ను మించినవాడు గోదావరికి ఇటుపక్క లేడు. అటుపక్క మా తోడల్లుడున్నాడు.

మెయిన్‌రోడ్డులో మహేంద్ర అని ఒకాయన ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. నేను పేర్లూ మాటలూ తెచ్చి ఇస్తే, ఆయన వాటిని ఇంగ్లీషులోకి దింపి, ఒక్కొక్కరి పేరునా ఈమెయిల్ తెరిచి పంపించాడు. ఆయన మొదట్లో, "ఇదేదో ఒకసారి పెట్టి చూడాలేమోనండి" అని నసిగాడు. ముందు పంపు, తరవాత చూద్దువుగాని అన్నాను. కాదనలేక సరేనన్నాడు. ఎవరు కాదన్నారు గనక? ప్యాచ్ అంటే ఏంటని కూడా ఒక్కరు అడగలేదు!

బుల్లెమ్మగారు, "కర్నల్‌గారి గురువుగారి పనంటే దేశం పని కదండీ, ఆయ్, రాయండి" అన్నారు. కంప్యూటర్‌ని ఆవిడ దూరం నుంచి చూశారు. కొబ్బరి వ్యాపారం పల్లంరాజుగారు, "మా డ్రైవర్లందరికీ నచ్చిందండి, మొన్న తుని దాకా పోయొచ్చినా ప్యాచ్ ఊడలేదు" అని రాయించారు. నరసాపురంలో లేసు అల్లికల కేంద్రం నడిపే మా వదినగారు సంపూర్ణమ్మకి ఫోన్ చేస్తే, "దారంతో అల్లుతాం గానీ మరిదిగారూ, వైరుతో లేసు మేమెప్పుడూ అల్లలేదండి. అయినా మీరు అడిగారు గనక బావుందనే రాయండి" అంది. ఆవిడ వెనకాల అల్లికలు చేసే ఆడవాళ్ళు కూడా తలో మాటా ఇచ్చారు. మూడు పూటల్లో మాస్టారి ప్యాచ్ కింద 'టెస్ట్ చేసినవారు' అంటూ మా వీధీ, పక్కవీధీ, నరసాపురంలో కొంత భాగమూ వరసగా నిలబడ్డాయి. ప్రపంచంలో ఏ వైర్‌లెస్ ప్యాచ్‌కీ ఇంతటి ప్రజాదరణ దక్కలేదని మహేంద్ర అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన మొహంలో కనబడింది భయమని నాకు తోచలేదు.

హరిచందన మాత్రం అరవలేదు, నన్ను పిలిచి అడగనూ లేదు. రివ్యూ చేసేవాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది. ఒక్కొక్కరికీ విడివిడిగా, ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులో జవాబు రాసింది. తమరు టెస్ట్ చేసినందుకు కృతజ్ఞతలు, ఏ కార్డు మీద చేశారు, బ్యాటరీ ముందు ఎంతసేపు వచ్చేది, ఇప్పుడెంతసేపు వస్తోంది, దయచేసి తెలియజెయ్యండి అని. మహేంద్ర వాటిని ప్రింటు తీసి ఇంటింటికీ పంచాడు.

ఆదివారం పొద్దున్న నేను పళ్ళు తోముకుంటూ వచ్చి చూద్దును గదా, మా అరుగు నిండా జనం! తలా ఒక కాగితం పట్టుకుని, పెళ్ళిలో చెప్పులు పోయినవాళ్ళలా నిలబడ్డారు. కర్నల్‌గారు సంజాయిషీ అడుగుతున్నారట. మిలిటరీ కోర్టు మామూలు జనాన్ని కూడా పిలుస్తుందా అని బుల్లెమ్మగారి ఆరాటం. లారీలు సీజు చేస్తారేమోనని పల్లంరాజుగారి బెంగ. అందరికీ వెనగ్గా, చేతిలో లాప్‌టాప్ సంచీతో, కుక్కుటేశ్వరరావు మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన కూడా ఆ మెయిళ్ళన్నీ చదివారు. లారీలూ లేసులూ అన్నీ చదివారు. ఎవరివంకా చూడట్లేదు.

గొడవ విని హరిచందన మేడ దిగి వచ్చింది. బుల్లెమ్మగారు నమస్కారం పెట్టారు, ఇంచుమించు సెల్యూట్ లాగే.

"అయ్యో పిన్నిగారూ, నేను మిలిటరీ ఏంటండీ" అని ఆ పిల్ల అరుగు మీద మఠం వేసుకుని కూర్చుని, అందరికీ విడమరచి చెప్పింది. కర్నల్ కాదు, కెర్నల్. అది మనిషి కాదు, కంప్యూటర్ లోపలుండే ప్రోగ్రాము. తన దగ్గర తుపాకీ లేదు, జీపూ లేదు. డ్రైవర్ అంటే లారీ తోలేవాడు కాదు, ప్యాచ్ అంటే ట్యూబుకి వేసేది కాదు, వైర్‌లెస్‌లో లేసు లేదు. అడిగింది సంజాయిషీ కాదు, సమాచారం.

అరుగు అరుగంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ తరవాత అరుగు అరుగంతా నా వంక తిరిగింది. నోట్లో బ్రష్షు ఉండబట్టి సమాధానం చెప్పే పని తప్పింది.

అప్పుడు మాస్టారు ముందుకొచ్చారు. "మీలో ఎవరైనా ఒక్కరు పెట్టి చూశారాండి?" అని నెమ్మదిగా అడిగారు.

తలలన్నీ చేతుల్లో కాగితాల్లోకి దిగాయి. చివరికి బుల్లెమ్మగారే అన్నారు. "మూర్తిగారడిగారు కదండీ. కాదంటే ఏం బాగుంటుంది?"

మాస్టారు తలూపి అరుగు చివర కూలబడ్డారు. "లాబ్‌లో పిల్లలు పక్కవాడి రీడింగులు ఎక్కించుకొస్తే, కాగితం చూడగానే పట్టేసి మళ్ళీ చెయ్యమనేవాణ్ణి. ఇవాళ లోకం ముందు నా పేరు కింద ఇన్ని దొంగ రీడింగులు" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ, నా నోట్లో బ్రష్షు చేదెక్కింది. ఆయన హరిచందన వంక తిరిగి, "నువ్వు పెట్టి చూశావా అమ్మా?" అనడిగారు.

"చూశానండి సార్. నా దగ్గరున్న మెషీన్లన్నిటి మీదా చూశాను. మీరు చెప్పిన కారణం కరెక్టండి. కార్డు లేచాక పిలుపు వినట్లేదన్న సంగతి ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు, మీరే పట్టుకున్నారు. రోగం సరిగ్గా కనుక్కున్నారు, మందే ఎక్కువ వేశారు."

"ఈ మాట మెయిల్లో రాయలేదేం మరి?"

"రాశానండి. నాక్ అన్న మాట కిందే ఉంది. మీరు అక్కడే ఆగిపోయినట్టున్నారు."

మాస్టారు సంచీ విప్పి, అరుగు మీదే లాప్‌టాప్ తెరిచి, ఆ మెయిల్ చివరిదాకా చదివారు. రెండోసారి కూడా చదివారు. ఇంతమంది బావుందంటే రాని వెలుగు, బాగాలేదన్న ఆ ఒక్క మెయిలు చదువుతుంటే ఆయన మొహంలోకి వచ్చింది! నేను కళ్ళారా చూశాను. "నిజమేనే, నిద్ర మాన్పించక్కర్లేదు. లేచాక ఇంకోసారి పిలిస్తే చాలు" అంటూ లేచి, ఎవర్నీ అడక్కుండా మా మేడ మెట్లెక్కేశారు. గురుశిష్యులిద్దరూ పైన ఏదో వాదించుకుంటుంటే, కింద అన్నపూర్ణ అంతమందికీ ఉప్మా కలపలేక నన్ను రివ్యూ చెయ్యడం మొదలెట్టింది.

మాస్టారు కొత్తగా రాసి పంపారు. ఆ పిల్ల మళ్ళీ వంక పెట్టింది. మళ్ళీ పంపారు, మళ్ళీ పెట్టింది. మధ్యలో జర్మనీవాడెవడో కూడా ఒక వంక పెట్టి వెళ్ళాడు. మాస్టారు ప్రతిసారీ మా అరుగెక్కి, "ఇవాళేం పెట్టిందండీ?" అని ఉత్సాహంగా అడిగేవారు, హోటల్లో ఇవాళ టిఫినేంటి అన్నట్టు. వానలు తగ్గేవేళకి ప్యాచ్ చిన్న ముక్కయింది, ఒప్పుకున్నారు. కుక్కుటేశ్వరరావు అన్న పేరు, పలకలేని దేశాలన్నిటికీ వెళ్ళి కూర్చుంది. దాని కింద 'టెస్ట్ చేసినవారు' అన్నచోట మహేంద్ర పేరొక్కటే ఉంది. ఆయన తన సెంటర్లో లాప్‌టాప్ మీద నిజంగానే పెట్టి చూసి, బ్యాటరీ ఎంతసేపు వచ్చిందో రాసి పంపాడట. 'సిఫార్సు చేసినవారు' అని ఒక గడి ఉంటే నా పేరు వెయ్యమన్నాను. అలాంటి గడి లేదంది.

ఇక్కడితో కథ అయిపోతే నేను హాయిగా ఉందును. కానీ ఆ అరుగు మీది జనాన్ని చూసిననాటి నుంచీ ఒక పాడు అనుమానం నన్ను తొలిచేస్తోంది. వీళ్ళే కదా ప్రతి వారం దారిలో కనబడి, "మీ కాలమ్ బావుందండి మూర్తిగారూ" అనేది!

ఉండబట్టలేక మొన్న బుల్లెమ్మగారిని గోడ దగ్గర పట్టుకున్నాను. "పోయిన ఆదివారం నా కాలమ్ ఎలా ఉందండి?" అని అడిగాను.

"బ్రహ్మాండమండి. నవ్వలేక చచ్చామనుకోండి" అన్నారు.

పోయిన ఆదివారం నా కాలమ్ రాలేదు. ఆ జాగాలో యూరియా ప్రకటన వేశారు.

పల్లంరాజుగారిని అడిగాను. ఆయన ఇంకో మెట్టు పైకెక్కి, ఆ ముగింపు అదిరిందన్నారు. యూరియా ముగింపు ఏంటో నాకిప్పటికీ తెలీదు.

ఇంక లాభం లేదని, ఇదుగో, మీరిప్పుడు చదువుతున్న ఈ ముక్కనే ఇక్కడిదాకా రాసి పట్టుకెళ్ళి హరిచందనకిచ్చాను. నేను ఎదురుగా కూర్చుని, ఎక్కడ నవ్వుతుందా అని ఆ పిల్ల పెదాల వంక చూస్తూనే ఉన్నాను. నవ్వలేదు. అయిపోయాక మళ్ళీ మొదటికెళ్ళి, వేలు పెట్టుకుని చదివింది. నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. వంకలు పెట్టడం మహావరమని పైన నేనే అంత గట్టిగా అరిచాను కదా, అది ఎదటివాళ్ళ పనికి పెట్టినప్పుడు మాత్రమేనని కాస్త చిన్నక్షరాల్లో రాయాల్సింది.

"ఒక్క పేరా తీసెయ్ మావయ్యా. అది విషయం కోసం రాయలేదు, నువ్వు చప్పట్ల కోసం రాసుకున్నావు" అని వేలు పెట్టి చూపించింది. మిగతాది ఉండనివ్వచ్చట.

కోపం వచ్చింది, దాచుకోను. ఆ పూట ఆ పిల్లతో మాట్లాడలేదు. కానీ పడుకోబోయేముందు తట్టింది. ఇన్నేళ్ళ నా రాతలో ఒక పేరాకీ ఇంకో పేరాకీ తేడా ఉందని మొదటిసారి ఒక మనిషి చెప్పింది. అంటే రెండూ చదివినట్టే కదా!

అయినా ఆ పేరా నేను తియ్యలేదండి. నా దగ్గర నాక్కూడా మొహమాటమే. అది ఇందులోనే ఎక్కడో ఉంది. ఏదో మీకు తెలిస్తే ఒక కార్డుముక్క రాసి పడెయ్యండి. తిట్టండి, కొట్టెయ్యండి, 'నాక్' అని అరవండి, శిరసావహిస్తాను.

బావుందని మాత్రం రాయకండి. అది రాయడానికి చదవక్కర్లేదు కదండీ.